మేట మీద చలిమిడి

ముందే చెబుతున్నాను. ఇది అబద్ధమని అనిపించేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళి పడుకోండి. మధ్యలో మూతి తిప్పినవాణ్ణి సముద్రంలోకి విసిరేస్తాను. నా వయసు చూసి నవ్వకండి. కిందటేడు ఒక సొరచేప ఇలాగే నవ్వింది. ఆ తరవాత అది ఈ తీరానికే రావడం మానేసింది.

మా మొగదరిపాలెంలో పోలమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎల్లాజీ, నడిపివాడు తవిటయ్య, చిన్నవాడు ముసలయ్య. చిన్నవాడికి ఆ పేరేమిటని అడక్కండి, ఆ ఇంట్లో అన్నీ అంతే. ముగ్గురికీ తమ తెలివి మీద మహా గర్వం. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడని వాళ్ళ సిద్ధాంతం. ఓసారి పోలమ్మ, ఎండుచేపలు కాకులు ఎత్తుకుపోకుండా చూడండ్రా అని చెప్పి సంతకెళ్ళింది. పిల్లి వచ్చింది. ముగ్గురూ దాని చుట్టూ తిరిగి చూశారు. ఇది కాకి కాదని తేల్చుకుని, పక్కకి జరిగి దారిచ్చారు. సాయంత్రం తల్లి చీపురు తీస్తే, ఒక్క కాకి కూడా వాలలేదమ్మా అని ఛాతీలు విరుచుకుని నిలబడ్డారు. అంతటి మేధావులు.

వీళ్ళకి ఒక్కతే చెల్లెలు, బంగారి. ఏరు సముద్రంలో కలిసే మొగకి అవతలి ఒడ్డున దాన్నిచ్చారు. ఏడో నెల వచ్చింది. పుట్టింటి నుంచి చలిమిడి వెళ్ళాలి. అత్తగారు కాసులమ్మ సామాన్యురాలా? అమ్మలక్కలందరినీ పిలిచి కూర్చోబెట్టి, మధ్యాహ్నంలోగా చలిమిడి రాకపోతే ఈ పిల్లకి పుట్టిల్లే లేదనుకుంటానని చాటేసింది. ఇక్కడ చూస్తే పోలమ్మకి జ్వరం. ఇంకేముంది, దిక్కు ఆ ముగ్గురే. ఆవిడ మూలుగుతూనే పెద్ద ఇత్తడి గిన్నెడు చలిమిడి చేసి, గుడ్డ కట్టి, నావలో పెట్టించింది.

"మీ చెల్లెలి పరువు ఇందులో ఉందిరా, జాగర్త."

తవిటయ్య గుడ్డ విప్పి వేలు పెట్టి వెతికాడు. పిండీ బెల్లమూ తప్ప ఇంకేమీ తగల్లేదని తల్లికి నిజాయితీగా చెప్పాడు.

రేవులో తాబేళ్ళ గార్డు ఆపాడు. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం అది. తాబేలు కనబడితే ఇంజను ఆపి, ముందు దాన్ని పోనివ్వాలన్నాడు. తినే వస్తువేదీ పక్షులకి గాని తాబేళ్ళకి గాని అందనివ్వద్దన్నాడు. ఎర్రజెండా ఉన్నచోట నీళ్ళ కింద ఇసుక మేట ఉంటుంది, జెండాకి దూరంగా పొమ్మన్నాడు. ముగ్గురూ పొల్లు పోకుండా అప్పజెప్పారు. పాపం ఆయన సంబరపడి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నడి మొగలోకి వచ్చేసరికి తాబేలు కనబడింది. అంతే, ఇంజను ఆపారు. అది ఎండ కాగుతూ నీళ్ళ మీద నిద్రపోతోంది. తవరు ముందు పదండి అన్నాడు ఎల్లాజీ. అది కదల్లేదు. మాకేం తొందర లేదండి అన్నాడు తవిటయ్య. ఆ గోలకి దానికి మెలకువొచ్చి బుడుంగున మునిగిపోయింది. ఇప్పుడది ముందుందా, వెనకుందా? ముందుకి పోయిందని తేలందే ఇంజను వెయ్యడానికి వీల్లేదన్నాడు ముసలయ్య. నీళ్ళలోకి వంగి, వెళ్ళావా అని అడిగాడు. జవాబు రాలేదు. సరే, చెప్పేదాకా ఆగుదామని కూర్చున్నారు.

సముద్రం ఆగుతుందా? సముద్రంలోకి వెనక్కి తీసే పాటు నీరు నావని మెల్లగా లాగి ఎర్రజెండా దగ్గరికి తెచ్చి పెట్టింది. ఆ జెండా పాతింది ఎవరనుకున్నారు? ఈ చేతులే. గాలివానలో, ఒంటిచేత్తో, రెండో చేతిలో చుట్ట ఆరకుండా పట్టుకుని.

జెండా ఉన్నచోటే ప్రమాదమన్నారు కదా, జెండా తీసేస్తే సరి, అన్నాడు ముసలయ్య. ఇద్దరన్నలూ వాడి వీపు తట్టారు. జెండా పీకి నావలో పడేశారు. మరుక్షణం నావ మేటనెక్కి కూలబడింది. మళ్ళీ ఆలోచన. ఈసారి ఎల్లాజీ మొహం వెలిగింది.

"ఒరే, జెండా ఇప్పుడు మన నావలో ఉంది. నావకి దూరంగా పోవాల్రా."

ఇంకేముంది, గిన్నె నెత్తిన పెట్టుకుని ముగ్గురూ దిగిపోయారు. మోకాటి లోతు నీళ్ళలో, మేట అటు చివరికి నడిచి నిలబడ్డారు. మూడు బరువులు దిగేసరికి నావ తేలిపోయి, తన దారిన తను బయల్దేరింది. పీడ వదిలిందని ముగ్గురూ దానికి దణ్ణం పెట్టారు.

పైన సముద్రపు కాకులు మూగాయి. గార్డు మాట గుర్తొచ్చింది, అందనివ్వకూడదు. గుడ్డ కప్పితే ముక్కుతో లాగుతున్నాయి. చేత్తో మూస్తే చేతిని పొడుస్తున్నాయి. ఏ పక్షి ముక్కూ చేరని చోటు ఏదని ముగ్గురూ బుర్రలు చించుకున్నారు. దొరికింది. అంతే, చివరి ముద్ద దాకా అక్కడే దాచేశారు.

అప్పుడు నేను కూతవేటు దూరంలో, ఏనుగంత పండుగప్ప చేపతో కుస్తీ పడుతున్నాను. వీళ్ళని చూసి దాన్ని వదిలేశాను, అదింకా ఆ మర్యాద మరిచిపోలేదు. పోతున్న నావని ఎడమ చేత్తో లాక్కొచ్చి, జెండా మళ్ళీ పాతి, ముగ్గుర్నీ ఎక్కించాను. గిన్నెలో చూస్తే మెతుకంత పిండి లేదు.

"చలిమిడేదిరా?"

"బద్రంగా ఉంది తాతా," అన్నాడు ఎల్లాజీ త్రేన్చి. "ఇప్పుడు గద్దొచ్చినా ఏం చెయ్యలేదు."

ఉప్పెనకి అదరని నా గుండె బంగారి మొహం తలుచుకుని కలుక్కుమంది. వెనక్కిపోయి మళ్ళీ చేయించే వేళ లేదు. నావని గాలి కంటే ముందు నడిపించి అవతలి ఒడ్డున పెట్టాను. గాలి ఓ గంట తరవాత వచ్చింది.

కాసులమ్మ వాకిట్లో పీట మీద కూర్చునుంది. చుట్టూ అమ్మలక్కలు. బంగారి కళ్ళల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. అన్నలు ఉత్త చేతులతో వచ్చారు.

"ఏటర్రా, చలిమిడేది?"

"తెచ్చాం అత్తా. చాలా బరువు. ముగ్గురం పంచుకుని మోసుకొచ్చాం," అన్నాడు ఎల్లాజీ.

ముగ్గురు మోసే చలిమిడి అనేసరికి అమ్మలక్కలు నోళ్ళు వెళ్ళబెట్టారు. కాసులమ్మకి లోపల మంటే గాని, పదిమందిలో గొప్ప కూడా కావాలి. కడుపుతో ఉన్న పిల్ల ఒడిలో అంత బరువు పెట్టకూడదని, చీర కొంగు పరిచి కుదురుగా కూర్చుంది.

"ముందు నా ఒళ్ళో పెట్టండర్రా. దానికి నేను పెడతాను."

పెద్దావిడ మాట. ఎల్లాజీ పొట్ట నిమురుకుంటూ వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చున్నాడు. మిగతా భాగం ఇదిగో అత్తా అని వాడి మీద తవిటయ్య. ఇంకా ఉందని పైన ముసలయ్య. పీట ఫెళ్ళుమంది. బంగారి కన్నీళ్ళు తుడుచుకోవడం మానేసి, గోడ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మా పాలెం దాకా వినిపించిందని పోలమ్మే చెప్పింది. అన్నలు మాత్రం లేవలేదు. పెట్టమన్నారు గాని తియ్యమనలేదు కదా.

ఆ రోజు నుంచి కాసులమ్మ కోడల్ని పుట్టింటి మాటెత్తి ఒక్కసారి కూడా దెప్పలేదు. ఎత్తితే వాళ్ళు పురిటికి కూడా ఏదైనా తెస్తారని భయం.

ఎవరో మూతి తిప్పినట్టున్నారు. సాక్షి కావాలా? అవతలి ఒడ్డుకి వెళ్ళి, ఎవరింటికెళ్ళినా కూర్చోకుండా నిలబడే మాట్లాడే ముసలావిడ ఎవరని అడగండి. పేరు సూరాడ కాసులమ్మ.