గవ్వ అడుగుల తాళం

అనగనగా ఒక రాజు. పేరు రత్నాంగదుడు. ఆయనకి ఏడుగురు కొడుకులనుకునేరు, కాదు, ముగ్గురే. పెద్దవాడు మకరాంకుడు, నడిపివాడు కీర్తిసేనుడు, చిన్నవాడు సారంగుడు. పెద్దవాళ్ళిద్దరూ పొద్దస్తమానం కత్తిసాము చేసేవాళ్ళు. సారంగుడు మాత్రం కుక్కలతో ఆడుకునేవాడు.

పొరుగు రాజ్యంలో మంజీర అనే రాకుమారి ఉండేది. ఆమె మృదంగం వాయించిందంటే తోటలో నెమళ్ళు మేత మానేసి వచ్చి కూర్చునేవి. ఏడు సముద్రాల అవతల, పగడాల దీవిలో ఉండే జటిలుడనే మాంత్రికుడి చెవిన ఆ మృదంగం పడింది. ఇంకేముంది! సుడిగాలిలా వచ్చి, మంజీరను మృదంగంతో సహా ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ రెండు రాజ్యాలకీ వినిపించేలా ఆకాశంలోంచి అరిచాడు:

“నా కొలువులో కుక్క చేత నాట్యం చేయించండి! మొదటిరోజు తాడు లేకుండా, రెండోరోజు కర్ర లేకుండా, మూడోరోజు తిండి చూపించకుండా! గెలిస్తే రాకుమారిని వదిలేస్తాను. ఓడితే నా తోటలో రాతిబొమ్మై నిలబడాలి!”

మకరాంకుడు వేటకుక్కను పట్టుకుని కర్రతో కొట్టి కొట్టి గంతులు నేర్పాడు. ఓడెక్కి వెళ్ళాడు. మొదటిరోజు నెగ్గాడు. రెండోరోజు చేతిలో కర్ర లేదు. వేటకుక్క హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంది. మకరాంకుడు రాయైపోయాడు.

కీర్తిసేనుడు బొచ్చుకుక్కను తెచ్చి మాంసం ముక్క చూపించి గిరికీలు నేర్పాడు. ఓడెక్కి వెళ్ళాడు. మొదటిరోజు నెగ్గాడు, రెండోరోజూ నెగ్గాడు. మూడోరోజు చెయ్యి ఖాళీ. బొచ్చుకుక్క ఆ ఖాళీ చేతినే చూస్తూ కూర్చుంది. కీర్తిసేనుడూ రాయైపోయాడు.

“నాయనా, నేను వెళ్ళొస్తాను” అన్నాడు సారంగుడు.

“నువ్వొక్కడివే మిగిలావురా!” అన్నాడు రాజు, అతని చెయ్యి పట్టుకుని.

“అన్నయ్యలు అక్కడ ఎండలో నిలబడి ఉంటే నాకు ముద్ద దిగడం లేదు నాయనా.”

సారంగుడి కుక్క పేరు గవ్వ. గవ్వలాగే తెల్లగా ఉంటుంది. చిన్నప్పుడు బండిచక్రం కింద పడి దాని వెనకకాలు ఒకటి పొట్టిదైపోయింది. ఆ రోజుల్లో కుక్కలకీ మాటలుండేవి. కాకపోతే, కొట్టేవాళ్ళతో మాట్లాడేవి కావు.

సారంగుడు డోలు తెచ్చి, “ధిం ధిం ధిం ధిం” అని వాయించాడు. గవ్వ పోయి మంచం కిందికి దూరింది.

“గవ్వా, బయటికి రావే!”

“నేను రాను. ఆ మోతకి నా కాలు అందదు” అంది గవ్వ, మంచం కిందనుంచే.

సారంగుడు డోలు పక్కన పెట్టేశాడు. తొందర పెట్టలేదు. కాసేపటికి గవ్వ తనంతట తానే వచ్చి పెరట్లో తిరగసాగింది. మూడు చిన్న అడుగులు, ఒక ఊగు, మళ్ళీ నాలుగు అడుగులు. సారంగుడు దాని కాళ్ళవంకే చూశాడు. చూసి చూసి, మెల్లగా తొడమీద తట్టాడు. “తకిట తకధిమి, తకిట తకధిమి.”

గవ్వ ఠక్కున ఆగింది. చెవులు నిక్కించింది. “అయ్యో, అది నా నడకే!” అంటూ తోక ఊపింది.

ఇక ఆనాటినుంచి పండగే! కుక్కని తాళానికి తిప్పకుండా, తాళాన్నే కుక్కవెంట నడిపించాడు సారంగుడు. గవ్వ గిరగిరా తిరిగితే, “భళీ గవ్వా!” అని చెవి వెనక గోకేవాడు. వెనక్కి నడిస్తే, భళీ! అతని కాళ్ళ మధ్యనుంచి మెలికలు తిరుగుతూ వస్తే, భళీ భళీ! అది ఆవులిస్తే ఆట కట్టిపెట్టి ఇద్దరూ నీడన పడుకునేవాళ్ళు. వానలు వెళ్ళి చలి వచ్చేసరికి, అతని కనుబొమ కదిలితే చాలు, గవ్వకి తెలిసిపోయేది.

అప్పుడు బయలుదేరారు. సముద్రం ఒడ్డున గవ్వ ఆట చూసి ముచ్చటపడిన ఒక ముసలి తాబేలు వాళ్ళను వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

“అబ్బాయీ, జటిలుడి ప్రాణం పంజరంలో ఉన్న చిలకలో ఉంది. చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి విరుగుతుంది” అంది తాబేలు.

“పాపం, చిలక ఏం చేసింది తాతా? దాని జోలికి నేను పోను” అన్నాడు సారంగుడు.

కొలువులో మంజీర మృదంగం ముందు కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. సారంగుడు దగ్గరికి వెళ్ళి, “రాకుమారీ, ఈ గవ్వ కాళ్ళు చూసి వాయించండి, చాలు” అన్నాడు. మంజీర గవ్వ నడక చూసింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలో నవ్వు మెరిసింది. “తకిట తకధిమి” అంది మృదంగం.

మొదటిరోజు తాడు లేకుండా గవ్వ ఆడింది. రెండోరోజు కర్ర లేకుండా ఆడింది. పంజరంలో చిలక ఆ తాళానికి తల ఊపింది. చిలక తల ఊపినప్పుడల్లా సింహాసనం మీద జటిలుడి తలా ఊగింది! వాడు చూసుకోలేదు గానీ సారంగుడు చూశాడు.

మూడోరోజు జటిలుడికి భయం పట్టుకుంది. “ఇవాళ నేనే వాయిస్తా!” అని మృదంగం లాక్కున్నాడు. ధిం ధిం ధిం ధిం అని దడదడలాడించాడు. గవ్వ తడబడింది. పొట్టికాలు మడతపడి బోర్లా పడింది.

“నావల్ల కాదు” అంది, సారంగుడి ముఖంలోకి చూస్తూ.

సారంగుడు పరుగున వచ్చాడు. గబగబా దాని పక్కన మోకాళ్ళమీద కూర్చుని, “ఫరవాలేదు గవ్వా, నేనున్నాగా” అన్నాడు. అప్పుడు తళుక్కున తోచింది. పంజరం వైపు తిరిగి, “చిలకమ్మా, నిన్న విన్నావే, ఆ తాళం ఒక్కసారి చెప్పవూ?” అని అడిగాడు.

అంత మర్యాదగా దాన్ని ఎవరూ, ఏనాడూ ఏదీ అడగలేదు. చిలక గొంతెత్తి, “తకిట తకధిమి! తకిట తకధిమి!” అంటూ పంజరంలో గంతులేసింది.

అంతే! జటిలుడి చేతులు వాడి మాట వినడం మానేశాయి. “తకిట తకధిమి” అని వాయించాయి. కాళ్ళు లేచి చిందులేశాయి. గడ్డం అటూ ఇటూ ఎగిరింది. గవ్వ ఒక్క ఉదుటున లేచింది. గిరగిరా తిరిగింది, వెనక్కి నడిచింది, మెలికలు తిరిగింది, చివరికి ముందుకాళ్ళు చాచి మంజీరకు దండం పెట్టింది. చేతిలో ఒక్క మెతుకు చూపించకుండా ఆట పూర్తయింది!

“ఆపవే చిలకా, చచ్చిపోతున్నా!” అని రొప్పాడు జటిలుడు.

“వాళ్ళ అన్నలని లేపు. నా తలుపు తీయించు. ఆపుతా” అంది చిలక.

జటిలుడు మంత్రం చదవగానే రాళ్ళలోంచి మకరాంకుడూ కీర్తిసేనుడూ ఒళ్ళు విరుచుకుంటూ లేచి, తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు. మంజీర పంజరం తలుపు తీసింది. చిలక రివ్వున ఎగిరి జామతోపులోకి పోయింది. ప్రాణం అటు పోతుంటే జటిలుడు ఊరుకుంటాడా? “ఆగవే! కాస్త మెల్లగా వెళ్ళవే!” అంటూ దాని వెనకే పరుగు పెట్టాడు. మళ్ళీ ఎవరి జోలికీ రావడానికి వాడికి తీరికే దొరకలేదు.

“నన్ను పెళ్ళాడతారా?” అని సారంగుడు మంజీరను అడిగాడు.

“ఆడతాను. కానీ నా మృదంగానికి మీరూ అడుగులు వెయ్యాలి” అంది మంజీర.

“ఆయనకి నేను నేర్పుతాలెండి!” అంది గవ్వ.

పెళ్ళి పందిట్లో వధూవరుల వెనకే గవ్వ కూడా ఏడడుగులూ వేసింది. సారంగుడూ మంజీరా చాలాకాలం చల్లగా రాజ్యం ఏలారు. గవ్వ ముసలిదై సింహాసనం మెట్టుమీద నిద్రపోయేది. నిద్రలోనే ఒక్కోసారి దాని కాళ్ళు కదిలేవి. అప్పుడు మంత్రులు మాటలు ఆపేసేవారు. రాణిగారు వేళ్ళతో మెట్టుమీద మెల్లగా తాళం వేసేవారు. ఆట ముగిసి గవ్వ కళ్ళు తెరిచేదాకా కొలువులో ఒక్కరూ కదిలేవారు కాదు.