మడుగుకు కాపలా ఉన్న గోండ్రుకప్ప

ఒకప్పుడు గోండ్రుకప్ప ఒళ్లు ఎంతో నున్నగా ఉండేది. నీళ్లలోంచి బయటికొస్తే ఒంటిమీద ఒక్క చుక్క నిలిచేది కాదు. నమ్మరు కదూ? ఇప్పటి దాని అవతారం చూస్తే నేనూ నమ్మను.

కొండ కింద చిట్టడవిలో ఒక మడుగుండేది. కప్పలన్నీ అందులోనే ఉండేవి. గోండ్రుకప్ప కూడా వాటితోనే. పగలంతా ఈతలు, పొద్దుగూకితే పాటలు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులో అరచెయ్యి లోతు నీళ్లు మిగిలాయి.

"పదరా గోండ్రూ, ఏటికి పోదాం," అంది పచ్చకప్ప.

అప్పుడు మడుగు సన్నగా అంది: "అందరూ పోతే నేనిక్కడున్నానని వానకెవరు చెబుతారు? దుమ్ము కప్పేస్తే వాన నన్ను పోల్చుకోలేదు. నాకు భయంగా ఉంది."

కప్పలు వినీ విననట్టు గెంతుకుంటూ పోయాయి. గోండ్రుకప్ప మాత్రం ఆగిపోయింది.

"నేనుంటాలే," అంది.

నీళ్లు ఇంకిపోయాయి. గోండ్రుకప్ప వెనక్కాళ్లతో బురద తవ్వుకుంటూ లోపలికి దిగింది. బురద దాని ఒంటికే అంటుకుని ఎండిపోయింది. మొదట్లో మడుగు "ఉన్నావా?" అని అడిగేది. ఇది "ఉన్నా" అనేది. తడి పూర్తిగా ఆరాక ఆ గొంతూ ఆగిపోయింది. గోండ్రుకప్ప మాత్రం రోజూ "ఉన్నా" అంటూనే ఉంది. పాపం, దానికి ఏడుపొచ్చేది. ఏడవడానికి ఒంట్లో తడి ఉంటేగా!

చివరికి కొండమీదికి వాన వచ్చింది. కిందికి తొంగిచూసి, "ఇక్కడో మడుగుండాలే! అంతా దుమ్మేగా. సరే, అవతలికి పోతా," అని మళ్లింది.

ఆ మాట నేల లోపల గోండ్రుకప్పకు వినబడింది. మట్టి పెకలించుకుని పైకొచ్చి, గొంతు బూరలా ఉబ్బించి, "ఇక్కడే! ఇక్కడే!" అని అరిచింది.

వాన వెనక్కి తిరిగింది. మడుగు నిండింది.

కప్పలన్నీ పరుగెత్తుకొచ్చాయి. గట్టున మట్టిపెళ్ల కనబడితే పచ్చకప్ప ఎక్కి కూర్చుంది.

"నేనురా, గోండ్రుని," అంది మట్టిపెళ్ల.

"అమ్మో! పెళ్ల మాట్లాడుతోంది!" అంటూ పచ్చకప్ప నీళ్లలోకి దూకేసింది.

గోండ్రుకప్ప ఎంత కడుక్కున్నా ఆ గరుకు వదల్లేదు. అది దగ్గరికెళితే కప్పలన్నీ అవతలి ఒడ్డుకు జరిగేవి.

మడుగు ఒక్కటే పోల్చుకుంది. "ఉన్నావా?" అని అడిగింది.

"ఉన్నా," అంది గోండ్రుకప్ప. మెల్లగా గట్టెక్కి ఒక రాతి కింద ముడుచుకుంది.

అప్పటినుంచే గోండ్రుకప్ప ఒళ్లు ఎండిన బురదలా గరుకుగా ఉంటుంది. అప్పటినుంచే అది గుంపులో చేరక, రాళ్ల కింద, మట్టిలో ఒంటరిగా బతుకుతుంది. తొలకరి పడగానే మాత్రం మడుగుకు దిగొచ్చి, గొంతు ఉబ్బించి, "ఇక్కడే! ఇక్కడే!" అని వానకు చెప్పి, మళ్లీ తన రాతి కిందికి వెళ్లిపోతుంది.