గవరయ్య మాస్టారి పింగాణీ పొయ్యి

గవరయ్య మాస్టారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ జవాబు పట్టుకుని తిరిగిరాలేదు. ఏదో ఒక పని పట్టుకుని వచ్చేవారు. కొడుకు మాట వినడం లేదని మొరపెట్టుకున్న తండ్రికి ఆయన చిక్కుపడ్డ గాలపు తాడొకటి చేతికిచ్చి, తెంపకుండా విప్పుకుని రమ్మన్నారట. నిద్ర పట్టడం లేదన్న పెద్దమనిషికి నూతిలో పడ్డ చేద తీసే పని అప్పగించారు. భీమిలి బీచిరోడ్డుకి ఎగువన, సరుగుడు తోపు పక్కన ఆయనదో పెంకుటిల్లు. ఇంటి ముందు పొడుగాటి అరుగు. సాయంత్రం అయ్యేసరికి జనం ఆ అరుగు మీద చేరి నాలుగు మంచి మాటలు విని పోతుంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవారు కాదు, అయినా ఊరందరికీ మాస్టారే.

ఆ అరుగు చివర కూర్చుని ఏనాడూ నోరు విప్పని శిష్యురాలు నూకరత్నం. నోరు లేని మనిషనుకునేరు! ఒడ్డున నిలబడి ఆమె కేకేస్తే అలల మీదున్న పడవలోవాళ్ళు కూడా తలతిప్పి చూస్తారు. గురువు ముందు మాత్రం ఆ గొంతు పెగిలేది కాదు. అలాంటి మనిషి ఒకనాడు అందరూ లేచి వెళ్ళేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"మాస్టారూ, తెగిపోయిన మనుసుల్ని మల్లీ ఊడకుండా అతకాలంటే ఏటి పుయ్యాల?"

ఎవరి సంగతో మాస్టారికి చెప్పక్కర్లేదు. నూకరత్నం, ఆమె తోడికోడలు అప్పలనరస కలిసి బీచిరోడ్డు మీద కాల్చిన చేపల బడ్డీ నడిపేవారు. మొగుళ్ళిద్దరూ వేటకెళ్ళి తెచ్చిన చేపని వీళ్ళు మసాలా పట్టించి కాలిస్తే, ఆ వాసనకి విశాఖపట్నం కార్లు దారి మరిచి ఆగిపోయేవి. తనకన్నా పెద్దదైన అప్పలనరసని రత్నం అక్కా అనే పిలిచేది. ఆ అక్కంటే ఆమెకి ప్రాణం. నిజం చెప్పాలంటే ఆ ప్రాణమే వచ్చిన చిక్కు. ఎప్పుడు మాటామాటా వచ్చినా రత్నమే వెళ్ళి, ఏడ్చి, గెడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చేది. తీసుకొచ్చిన ప్రతిసారీ మునుపటికన్నా బిగుతుగా కట్టేసుకునేది. ఒకసారి, నీ మసాలా నా మసాలా అని వేరే వద్దు, ఒకటే నూరుకుందాం అంది. ఇంకోసారి, వేరే కంచాలెందుకు, ఒక కంచంలోనే తిందాం అంది. అక్క ఊఁ అనేది, అని ఊరుకునేది.

అప్పలనరసకి ఉన్నది ఒకే ఒక్క సుఖం. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, ఒడ్డుకి లాగిన పడవ చాటున కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోపలికి పెట్టుకుని, సముద్రం వంక చూస్తూ ఎవరితోనూ పలకకుండా కూర్చునేది. అక్క ఒంటరిగా కూర్చోవడం చూడలేక మొన్నామధ్య రత్నం పీట పట్టుకుని వెళ్ళి ఆమె పక్కన చేరింది. ఆ పొగ వాసన రత్నానికి బొత్తిగా పడదు. అయినా ముక్కు మూసుకుని మరీ కూర్చుంది. మర్నాడూ కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది. చివరికి అప్పలనరస చుట్ట నోట్లోంచి తీసి, "నా నోట్లో నిప్పులో కూడా నీకు వాటా కావాలేటే?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ బడ్డీ గడప తొక్కలేదు. ఒంటిచేత్తో నడపలేక రత్నం బడ్డీ మూసేసింది. అమావాస్య దాటాక లైట్‌హౌసు దగ్గర సొంతంగా బండి పెట్టుకుంటానని ఊరంతా చెప్పింది. ఆ బండి పడిందా, ఇక ఇద్దరూ జన్మలో కలవరని రత్నం భయం. కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చే ఓపిక ఆమెకింకా ఉంది. తీసుకొస్తే మళ్ళీ ఎన్నాళ్ళుంటుందన్నదే ఆమె దిగులు.

మాస్టారు అంతా విని, "పుయ్యడం నీకు బాగా వచ్చా?" అన్నారు.

"పొయ్యి అలకడంలో నన్ను కొట్టినోల్లు నేరండి మాస్టారూ."

"అయితే రా," అని పెరట్లోకి తీసుకెళ్ళారు.

పెరట్లో ముదురాకుపచ్చ రంగులో, నడుమెత్తు గుడ్డులాంటి వస్తువొకటి మూడుకాళ్ళ పీట మీద కూర్చుని ఉంది. బీచిలో మూతపడ్డ రిసార్టువాళ్ళు సామానంతా వదిలించుకుంటుంటే, మాస్టారు ముచ్చటపడి తెచ్చుకున్న పాత పింగాణీ పొయ్యి అది. కింద బొగ్గులు, మీద జల్లెడ, ఆ పైన బరువైన మూత. గాలి కంతలు సర్ది మూత వేశామంటే పిడికెడు బొగ్గులతో పూటంతా సన్నటి సెగ మీద కాలుస్తుందట. అది చెప్పేటప్పుడు మాస్టారి మొహం కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిదయ్యింది. అయితే దాని అవతారం చూస్తే మాత్రం జాలేసేది. మూత స్ప్రింగు తెగింది. మూత అంచుకి ఉండాల్సిన మెత్తటి ఉన్నిలాంటి ఫెల్ట్ పట్టీ మాడి రాలిపోయింది. పైన పొగ కంతని మూసే బిళ్ళ లేదు. జల్లెడ తుప్పు పట్టింది. అన్నిటికన్నా ఘోరం, లోపల బొగ్గులు పోసే తొట్టి నిలువునా బీటవారింది.

"దీన్ని బాగుచెయ్యి. కంద, చిలగడదుంపలు కాల్చుకు తిందాం," అన్నారు మాస్టారు. ప్రశ్న సంగతి ఎత్తలేదు.

రత్నం కొంగు బిగించింది. రోలింగ్ షట్టర్లు బాగుచేసేవాడి దగ్గర సరిపడ్డ స్ప్రింగు దొరికింది. పడవ ఇంజన్ల షెడ్డులో వేడికి కాలని పట్టీ అడిగి తెచ్చి, మూత అంచు చుట్టూ ఊపిరి కూడా దూరకుండా అంటించింది. వెల్డింగు షాపులో కొత్త జల్లెడ చేయించింది. పొగ కంత మీదికి కూరల బజారులో మూలపడ్డ ఇనప తక్కెడ పళ్ళెం అతికినట్టు సరిపోయింది. అటూ ఇటూ జరిపితే పొగ చెప్పినమాట వింటోంది కూడా. ఇహ మిగిలింది తొట్టి బీట. అది ఆమెకో లెక్కా? బుద్ధెరిగిన దగ్గర్నుంచీ శుక్రవారం శుక్రవారం పొయ్యి అలికి ముగ్గు పెట్టిన చెయ్యి. పొయ్యిలో బీట కనబడితే ఆ చేతికి దురద. పుట్టమన్నులో ఊక కలిపి మెత్తగా తొక్కి, బీట నిండా కూరింది. తొట్టికీ బయటి గుల్లకీ మధ్యనున్న ఖాళీ కూడా కంటికి నచ్చక దాన్నీ నింపేసింది. పైన నున్నగా అలికి, చెయ్యి ఊరుకోక, పిండితో ఓ చిన్న ముగ్గు కూడా వేసింది.

సాయంత్రం అరుగు మీది జనమంతా పెరట్లో చేరారు. బొగ్గులు రాజుకుని ఎర్రబడ్డాయి. అందరూ దుంపల కోసం ఎదురుచూస్తుంటే లోపల్నించి "ఠప్"మని చప్పుడు. మట్టి అంతా ఊడి నిప్పుల్లో పడింది. పాత బీట పక్కన కొత్త బీట నవ్వుతోంది.

"మట్టి సాల్లేదు," అంది రత్నం. మనిషి తగ్గలేదు. ఆ ఊళ్ళో తెల్లదొరల కాలంనాటి గోడలు ఇప్పటికీ ఎలా నిలబడ్డాయో ఆమెకి తెలుసు. సున్నం, బెల్లం, కరక్కాయ కలిపి రుబ్బి, రాయిలాంటి గచ్చు చేసి ఈసారి దాంతో మూసింది. అది ఆరేలోపు ఊళ్ళో చీమలన్నీ బెల్లం వాసనకి బారులు తీరి వచ్చాయి. వాటిని దులపడానికే ఒక పూట పట్టింది. గచ్చు మాత్రం నిజంగానే రాయయ్యింది. మళ్ళీ బొగ్గులు రాజేశారు. ఈసారి గచ్చు ఊడలేదు. దాన్ని పట్టుకుని ఉన్న తొట్టే మూడు చెక్కలై, అడుగు ఊడి, నిప్పులన్నీ బూడిద అరలో పడ్డాయి. మాస్టారు దుంపలు ఏరుకుని, ఊదుకుని, పచ్చివే ఒక ముక్క కొరికి చూశారు. రత్నానికి ఏడుపొచ్చేసింది. పొయ్యి కోసం కాదు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత గట్టిగా విరిగిపోవడం ఆమెకి కొత్త కాదు.

తొట్టి కొత్తది తెప్పించక తప్పలేదు. పొయ్యి అడుగున అచ్చువేసి ఉన్న కంపెనీ పేరు పట్టుకుని మాస్టారు హైదరాబాదులో ఒక దుకాణానికి ఫోను చేశారు. కొన్నాళ్ళకి గడ్డి కూరిన అట్టపెట్టె వచ్చింది. అప్పటికి అమావాస్య దగ్గర పడింది. లైట్‌హౌసు దగ్గర అప్పలనరస బండికి రేకు వేయిస్తోందని కబురు. ఆ కబురు విన్న దిగులుతోనే రత్నం పెట్టె విప్పి, గడ్డి తీసి చూసి, గొల్లుమంది. తొట్టి ముక్కలు ముక్కలుగా ఉంది.

మాస్టారి ఫోను లాక్కుని దుకాణానికి చేసింది. "ఏటమ్మా, డబ్బాలో ఏసి తన్నారేటి దీన్ని? ముక్కల సెక్కలు పంపీసినారు! మేం భీమిలోల్లమనేటి అలుసు?"

అవతల్నించి ఒక ఆడపిల్ల గొంతు, నవ్వు ఆపుకుంటూ పలికింది. "అది పగల్లేదండీ ఆంటీ. అలాగే కోసి చేస్తారు. ఒకటే గుండ్రంగా చేస్తే వేడికి అది ఒళ్ళు విరుచుకోడానికి చోటుండదు, పగుల్తుంది. ముక్కల మధ్య సన్నగా సందు వదిలి నిలబెట్టండి. చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. ఏమీ పూయకండి."

"ఏటీ పుయ్యొద్దా?"

"అస్సలు పూయకండి ఆంటీ."

రత్నం ఫోను ఇచ్చేసి, ముక్కల్ని గుండ్రంగా నిలబెట్టింది. సందులు కనబడుతుంటే ఆమెకి ఎక్కడో గీరుకుపోతున్నట్టుంది. కాళ్ళు వాటంతటవే మట్టి కుప్ప వైపు వెళ్ళాయి. మాస్టారు, "చేతులు వెనక్కి కట్టుకుని చూడు," అన్నారు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. బొగ్గులు అంటుకున్నాయి. బూడిద రంగులోంచి ఎరుపు, ఎరుపులోంచి నారింజ. "ఠప్"మనే చప్పుడు కోసం ఆమె ఒళ్ళంతా చెవి చేసుకుంది. చప్పుడు రాలేదు. వేడెక్కేకొద్దీ ముక్కలు వాటంతటవే ఒకదాని వైపొకటి రవ్వంత జరిగాయి. సందులు సన్నబడ్డాయి, మూసుకుపోలేదు. ఎవరూ దగ్గరికి తొయ్యలేదు, ఎవరూ పట్టుకోలేదు. రత్నం చాలాసేపు అలాగే చూసింది. తర్వాత జల్లెడ మీద దుంపలు పేర్చి, మూత వేసి, తక్కెడ పళ్ళెం సన్న సెగకి జరిపి లేచింది.

"మాస్టారూ, నాను బీచికెల్లొస్తాను."

మధ్యాహ్నం దాటింది. ఒడ్డు మీద జనం పల్చగా ఉన్నారు. పడవ చాటునుంచి పొగ లేస్తోంది. రత్నం అటు నాలుగడుగులు వేసి ఆగింది. ఆగడమంటే ఆమెకెంత కష్టమో చూసినవాళ్ళకి తెలిసేది. అక్క కనబడుతుంటే పరుగెత్తి వెళ్ళి కాళ్ళు చుట్టేసుకునే మనిషి. అలాంటిది, పడవకి ఇవతల పక్క ఇసకలో చతికిలబడి, చెక్కకి వీపానించి, మాట్లాడకుండా కూర్చుంది. అవతలి పక్క అక్క దగ్గిన చప్పుడు వినబడింది. దగ్గొద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

చుట్ట అయ్యాక అప్పలనరస చీర దులుపుకుని లేచి, ఇవతలికొచ్చి నివ్వెరపోయింది.

"ఎప్పుడొచ్చినావే?"

"నువ్వు పొగ పట్టినప్పుడే."

"మరి పలకనేదేటి?"

"నీ పొగ నీది గదేటక్కా."

అప్పలనరస ఆ మాటకి సముద్రం వంక చూసింది. తర్వాత రత్నం వంక చూసింది. జొరం గాని వచ్చిందా అని నుదురు మీద చెయ్యి వేసి మరీ చూసింది. రత్నానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మాస్టారి కాడ దుంపలు కాల్తన్నాయక్కా. వొస్తే రా. నేకపోతే నీకు దాసి ఉంచుతాను."

ఆ 'వొస్తే' అన్న మాట రత్నం నోట అప్పలనరస అంతకుముందు విన్నది కాదు. అందుకే వచ్చింది.

పెరట్లో మాస్టారు మూత ఎత్తారు. వేడి వాసన సరుగుడు చెట్లదాకా పోయింది. అప్పలనరస దుంపలకన్నా ముందు పొయ్యిలోకి తొంగి చూసింది. పుట్టినప్పట్నించీ పొయ్యిలు అలికిన చెయ్యి ఆమెది కూడాను. "ఓలమ్మో, ఇదేటిది? ఇంతింత సందులొగ్గీసినారు! మట్టేదీ?" అంటూ పక్కనున్న కుప్పలోంచి పుట్టమన్ను గుప్పెడు తీసి, నీళ్ళు చిలకరించి ముద్ద చేసింది.

రత్నం ఆ చెయ్యి పట్టుకుంది. "ఒద్దక్కా. అది ఒల్లు ఇరుసుకునే సోటు. దాన్నలాగే ఉండనీ."

అప్పలనరస మట్టిముద్దతో అలాగే నిలబడింది. పొయ్యి వంక చూసింది, తన చెయ్యి పట్టుకున్న చేతి వంక చూసింది. రత్నం కూడా అదే చూసి, మెల్లిగా చెయ్యి వదిలేసింది. మట్టి కుప్పలో పడింది.

"రేపు బడ్డీ తెరుద్దామే," అంది అప్పలనరస, చెయ్యి కడుక్కుంటూ. "మజ్జానం మట్టుకు నాను పడవ కాడే ఉంటాను."

"ఉండక్కా. నాను బడ్డీ సూసుకుంటాను."

"ఈ తెలివి ముందేటయ్యింది నీకు?"

జవాబు కోసం ఇద్దరూ మాస్టారి వంక చూశారు. ఆయన దుంప ఒకటి పట్టకారుతో తీసి, తొక్క ఒలిచి, రెండు ముక్కలు చేసి, ఇద్దరికీ చెరో ఆకులో పెట్టారు.

"ఆలస్యమేం కాలేదమ్మా," అన్నారు. "దుంపలింకా మాడలేదు."