ఆకాశాన్ని తోసిన దాలమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రేవు. దాని పేరు తెల్లదిబ్బ. ఎప్పటి మాట అని అడక్కండి. మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే ఇది పాత కథ. ఊ కొడుతూ వినండి. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

ఆ రేవులో పట్టపగలే చుక్కలు చూపించే ఇల్లు ఒకటి ఉండేది. చుక్కలిల్లు అనేవాళ్ళు. నడుమెత్తు మట్టిగోడ, గుండ్రంగా. ఆ గోడ మీద బోర్లించిన గంపలా పెద్ద గుమ్మటం. వెదురు బద్దలతో అల్లి, పైన మేకతోళ్ళు కుట్టారు. తోళ్ళకు లోపలా బయటా ఆముదంలో మసి కలిపి పూశారు. ఏ చుక్క ఎక్కడుందో అక్కడ ముల్లంత చిల్లు పొడిచారు. మిట్టమధ్యాహ్నం వంగి లోపలికి దూరి తలుపు మూసుకుంటే చిమ్మచీకటి. పైనున్న ఎండ ఆ చిల్లుల్లో చుక్కలై మెరిసేది.

ఎందుకు పెట్టుకున్నారు ఇంత పని? కరువొచ్చింది కాబట్టి. మెట్ట ఊళ్ళవాళ్ళు నాగలి వదిలేసి తెడ్డు పట్టుకోడానికి రేవుకు వచ్చారు. వాళ్ళకు మన్ను తెలుసు, నీళ్ళు తెలియవు. నడిసముద్రంలో చీకటి పడితే ఒడ్డు ఎటో చెప్పేది చుక్కలే. నిజం ఆకాశాన్ని చూసి నేర్చుకోవాలంటే ఏడాది పడుతుంది. మబ్బు పట్టిందంటే అదీ లేదు. చుక్కలింట్లో రాత్రంతా తిరిగే ఆకాశం ఒక్క పూటలో తిరిగేది. లోపల గోడకు ఒక పక్క తాటిచెట్టు బొమ్మ గీశారు. అది ఒడ్డు. ఇంకో పక్క చేప బొమ్మ. అది సముద్రం. ఏ చుక్క ఏ బొమ్మ మీదికి వస్తుందో చూసి గుర్తుపెట్టుకోవాలి.

ఆకాశం తిరిగేది అన్నాను. తనంతట తనే తిరిగిందా? గుమ్మటం కింద చెక్క చట్రం. చట్రం కింద రాతి గాడి. చట్రానికి ఒక దుంగ బిగించారు. ఎవరో ఒకరు ఎండలో నిలబడి ఆ దుంగను తోసుకుంటూ గోడ చుట్టూ నడవాలి.

ఆ ఎవరో ఒకరే దాలమ్మ.

చుక్కలిల్లు రాజు కట్టించాడని రాతి మీద చెక్కారు. పంతులు నడిపించాడని తాటాకు మీద రాశారు. తోసినదాని పేరు ఎక్కడా రాయలేదు. ఆ రాజు ఒక్క ముల్లు పట్టలేదు, ఒక్క అడుగు తొయ్యలేదు. అందుకే రాజు పేరు నేను చెప్పను. దాలమ్మ పేరు చెబుతాను.

దాలమ్మ పెనిమిటి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. గాలివాన కాదు, తుఫాను కాదు. ఒడ్డు ఎటో తెలియక లోపలికి లోపలికి తెడ్డేసుకుంటూ పోయాడు. ఆ మరుసటి ఏడు చుక్కలిల్లు కట్టారు. దాలమ్మ వచ్చి, "ఏ పనైనా చేస్తాను బాబూ" అని నిలబడింది. దుంగ చూపించారు.

ఆమెకు మూడు పనులు. పొద్దున నిచ్చెన వేసుకుని, తుమ్మముల్లుతో ఒక్కో చిల్లూ శుభ్రం చెయ్యాలి. ఇసుక పడుతుంది, సాలీడు గూడు కడుతుంది, కందిరీగ మట్టి పెడుతుంది. ఒక్క చిల్లు మూసుకుపోతే ఒక చుక్క చచ్చినట్టే. మధ్యాహ్నం దుంగ తొయ్యాలి. సాయంత్రం రాతి గాడికి ఆముదం పొయ్యాలి. తోసేటప్పుడు ఆమె నోట ఒకటే మాట.

"నడవమ్మా నడు. నువ్వు నడిస్తే వాళ్ళిల్లు చేరతారు."

ఇరవై ఏళ్ళు అలా తోసింది. చూసేవాళ్ళు లోపల, తోసేది బయట. లోపల ఆకాశం ఎలా ఉంటుందో దాలమ్మ ఒక్కనాడూ చూడలేదు. చుక్కలన్నీ ఆమెకు ముల్లు మొనతోనే తెలుసు.

ఉత్తరాన ఏడు చుక్కలుంటాయి, మీకూ తెలుసు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం. మూడు చుక్కలు దొంగలు. మంచం ముందు పోతుంది, దొంగలు వెనక తరుముతారు. ఆకాశం పుట్టినప్పటినుంచీ అంతే. అందుకే దాలమ్మ ముల్లుకు ముందు నాలుగు తగిలేవి, తర్వాత మూడు తగిలేవి. ఇరవై ఏళ్ళూ అంతే. నాలుగు, తర్వాత మూడు.

ఒక ఏడు వాన విడవకుండా కురిసింది. ఉత్తరం వైపు తోలు కుళ్ళింది. రేవులో తోలుబొమ్మలాట వాళ్ళు దిగి ఉంటే, వాళ్ళలో అనుమంతు అనేవాణ్ణి పిలిచి కొత్త తోలు వెయ్యమన్నారు. చెయ్యి మంచిదే. పాత తోలును కొత్తదాని మీద పరిచి, చిల్లుకు చిల్లు పొడిచి, మసి పూసి, కుట్టేశాడు. ఆ మర్నాడే నలభై మంది కొత్తవాళ్ళకు ఆఖరి పాఠం, ఏడు చుక్కల పాఠం. ఆ పైరోజు పడవలు కదలాలి.

పాఠం నాటి పొద్దున దాలమ్మ నిచ్చెన ఎక్కింది. కొత్త తోలు మీద ముల్లు పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది అందలేదు. చెయ్యి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. ముందు మూడు, తర్వాత నాలుగు. దొంగలు ముందు, మంచం వెనక.

నిచ్చెన దిగి అనుమంతు దగ్గరికి పోయింది.

"ఒరే అనుమంతూ, తోలు తిరగేసి కుట్టావురా."

అనుమంతు పకపకా నవ్వాడు. "ఓలే పిన్నీ! పాత తోలుకి ఎన్ని చిల్లులు? ఏడు. కొత్త తోలుకి? ఏడు. ఇంకేటి? తోలుబొమ్మకి ఎనకా ముందూ ఉంటాదేటే? తెర అటుకేసి చూసినా రాజే, ఇటుకేసి చూసినా రాజే."

"రాజు ఎటు తిప్పినా రాజేరా. ఇల్లు ఎటు తిప్పినా ఇల్లవదు."

వాడికి అర్థం కాలేదు. డోలు బిగించుకోడానికి పోయాడు.

దాలమ్మ పాఠం చెప్పే విస్సన్న పంతులు దగ్గరికి పోయింది.

"బాబూ, తోలు తిరగబడింది. ఒక్కసారి చూడండి."

"నేను పాఠం చెప్పేది ఇరవై ఏళ్ళనుంచి. నువ్వు ఒక్కరోజైనా లోపల కూర్చున్నావా?"

"నేను కూచుంటే ఎవరు తోస్తారు బాబూ?"

"అందుకే చెబుతున్నాను. బయట తిరిగేదానివి, లోపలి సంగతి నీకెందుకు?" అంటూనే పంతులు గడపను కాలితో తడుముకుని లోపలికి వంగాడు.

దాలమ్మ రేవు అధికారి జగ్గప్పదొర దగ్గరికి పోయింది.

"దొరా, తోలు తిరగబడింది. ఇవాళ పాఠం ఆపించండి."

"రేపటికి ముహూర్తం పెట్టేశాం. నీ కోసం సముద్రం ఆగుతుందా? తోసేదానివి, తొయ్యి. పాఠం మధ్యలో ఆకాశం ఆగిందంటే రేవులో నీకు చోటుండదు."

విన్నారా? ముగ్గురు. ఒకడికి తోలు తెలుసు. ఒకడికి తాటాకు తెలుసు. ఒకడికి అధికారం తెలుసు. పని తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే ముగ్గురికీ చెవుల్లేవు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. సరే, ఊ కొట్టండి.

మధ్యాహ్నమైంది. నలభై మంది లోపల కూర్చున్నారు. దొర కూడా కూర్చున్నాడు. తలుపు మూశారు. దాలమ్మ దుంగ మీద చెయ్యి వేసింది.

మొదటి చుట్టు. "నడవమ్మా నడు. నువ్వు నడిస్తే..." మిగతా మాట నోట రాలేదు.

రెండో చుట్టు. పెనిమిటి గుర్తొచ్చాడు. తెడ్డు బాగానే వేసి ఉంటాడు. ఇంటికే అనుకుని వేసి ఉంటాడు.

మూడో చుట్టు. గూడెం గుర్తొచ్చింది. ఇక్కడ ఆపితే తనకు రేవులో చోటుండదు. ఆపకపోతే నలభై గుమ్మాల్లో నలభై మంది ఆడవాళ్ళు తనలాగే నిలబడతారు.

"ఆగమ్మా ఆగు" అంది. దుంగ వదిలేసింది.

లోపల ఆకాశం ఆగిపోయింది.

"ఓలమ్మో! చుక్కలు నిలబడిపోయాయిరా! లోకం మునిగిపోతాదేటి?"

"లోకం మునగలేదు గానీ నా కాలు తొక్కావు, తియ్యరా ముందు!"

తలుపు తోసుకుని, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ అందరూ బయటపడ్డారు. దొర మొహం జేవురించింది.

"ఎవరే ఆపమన్నది?"

"నేనే ఆపాను దొరా. వెళ్ళమంటే వెళ్తాను. కానీ ముందు కారి అప్పన్నను పిలిపించండి. ఆయన ఒక్క చుట్టు చూసి తప్పులేదంటే నా మూట నేనే కట్టుకుంటాను."

కారి అప్పన్న రేవులో అందరికంటే పాత పడవవాడు. చుక్కలింట్లో ఏనాడూ అడుగు పెట్టలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే నలుగురు పోయి పిలిచారు.

"పట్టపగలు చుక్కలు చూడ్డానికి నేనంత దూరం రావాలేట్రా? అందుకు ఇంటికాడ మా ఆడది ఉంది కదా" అన్నాడు ముసలాయన. అయినా పిలిచింది దాలమ్మ అని విని లేచాడు.

లోపల కూర్చున్నాడు. నలభై మందీ చుట్టూ కూర్చున్నారు. దాలమ్మ ఒక్క చుట్టు తోసింది. లోపలినుంచి ముసలాయన నవ్వు వినబడింది.

"ఒరే! దొంగలు ముందు పోతన్నారేట్రా? మంచమే దొంగల్ని తరుముతోందేటి?"

అంతలో నవ్వు ఆగింది. మెల్లిగా అడిగాడు.

"ఒరే నాయనల్లారా. నడిసముద్రంలో ఉన్నారు. ఏడు చుక్కలూ నెత్తిన ఉన్నాయి. ఒడ్డెటు?"

నలభై గొంతులు ఒక్కసారి పలికాయి. "దొంగలున్న వైపు!"



"మంచం ఉన్న వైపురా ఇల్లు" అన్నాడు అప్పన్న. "దొంగల వైపు సముద్రం. ఇంటికని తెడ్డేసుకుంటూ ఎంత దూరం పోయేవార్రా మీరంతా!"

అందరూ బయటికి వచ్చారు. విస్సన్న పంతులు చేతులు ముందుకు చాచి దాలమ్మను వెతుక్కుంటూ వచ్చాడు.

"దాలమ్మా, నాకు చుక్కలు కనపడక పదేళ్ళయింది. ఈ పనీ పోతే ఎలా బతకాలని ఎవరికీ చెప్పలేదు. వల్లించినదే వల్లిస్తూ కూర్చున్నాను. ఇంతమందిని సముద్రంలో ముంచేవాణ్ణి" అని ఏడ్చాడు.

"కళ్ళు పోతే చెప్పుకోవాలి బాబూ. నేను లేనా? ఏ చుక్క ఎక్కడుందో నన్నడగండి, దాని కథ మీరు చెప్పండి" అంది దాలమ్మ. ఆ మాటలో కోపం లేదు.

అనుమంతు అప్పటికే నిచ్చెన మీదున్నాడు. కుట్లు విప్పి తోలు తిరగేశాడు. ఏ వైపు బయటికో మళ్ళీ మరిచిపోకుండా అంచుకు ఎర్రదారం ముడి వేశాడు.

"దొరా, ఆకాశాన్ని ఆపాను. మరి నా ముల్లు ఎవరికి ఇవ్వమంటారు?" అని అడిగింది దాలమ్మ.

జగ్గప్పదొర దగ్గాడు. "నీ దగ్గరే ఉంచు" అని వెళ్ళిపోయాడు. తప్పయిందనలేదు. దొరలకు ఆ మాట నోరు తిరగదు.

నలభై మందికి నోరు తిరిగింది. "అమ్మా, ఇవాళ మేం తోస్తాం. నువ్వు లోపల కూచో" అన్నారు.

దాలమ్మ మొదటిసారి ఆ తలుపులో వంగింది. తలుపు మూశారు. ఆకాశం కదిలింది. మంచం ముందు, దొంగలు వెనక. పిల్లలకోడి చుక్కలు, వాటి వెంట గొల్లకావడి చుక్కలు. తన ముల్లు తగిలిన చిల్లులన్నీ వెలుగుతూ నెత్తి మీద తిరుగుతున్నాయి.

"ఇదా!" అంది దాలమ్మ. "ఇన్నాళ్ళూ నేను తోసింది ఇదా!"

మూడు చుట్లు చూసింది. మూడు చుట్లయ్యాక, "చాల్లెండి నాయనా, మీ కాళ్ళు నొప్పెడతాయి" అని లేచి వచ్చేసింది.

మర్నాడు పడవలు కదిలాయి. నలభై మంది వెళ్ళారు. నలభై మందీ వచ్చారు. దాలమ్మ ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. ఒక్కొక్కడూ ఒక్కో చేప తెచ్చి ఆమె గుమ్మంలో పడేశాడు. "ఒక్కదాన్నిరా నేను! నన్ను పిల్లిననుకున్నారేటి?" అని తిట్టి, గూడెమంతటికీ పులుసు కాచింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు తోసింది. ఒకనాటి మధ్యాహ్నం మూడో చుట్టులో "ఆగమ్మా ఆగు" అని వినబడింది. లోపలివాళ్ళు చప్పున బయటికి వచ్చారు. దాలమ్మ దుంగకు ఆనుకుని కూర్చుని ఉంది. ప్రాణం లేదు. చేతిలో ముల్లుంది.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఆకాశం సగంలో ఆగి ఉంది. అప్పుడు విస్సన్న పంతులు తడుముకుంటూ వచ్చి దుంగ మీద చెయ్యి వేశాడు. ఆయన పక్కన, ఆ ఏటినుంచీ రేవులోనే ఉండిపోయిన అనుమంతు. వాడి పక్కన, కబురు విని పరిగెత్తుకొచ్చిన ఆ నలభై మంది. మిగిలిన చుట్టు వాళ్ళే పూర్తి చేసి, అప్పుడు ఆమెను ఎత్తుకెళ్ళారు.

ఇప్పుడా తోలిల్లు లేదు. ఆ చోటనే సిమెంటు గుమ్మటం కట్టారు. మధ్యలో యంత్రం, మెత్తటి కుర్చీలు. తొయ్యడానికి దుంగ లేదు. అయినా తెల్లదిబ్బలో చుక్కలు చూడబోయేవాళ్ళు తిన్నగా లోపలికి పోరు. గోడ మీద చెయ్యి ఆనించి, బయట ఎండలో ఒక చుట్టు నడిచి, అప్పుడు లోపలికి వంగుతారు. తలుపు ఎత్తుగానే ఉంటుంది. అయినా వంగుతారు.

ముగ్గురు దొంగల్లో నడిమివాడి పక్కన ఆనీ ఆనకుండా ఒక చిన్న చుక్క ఉంటుంది. పెళ్ళిలో పంతులు దాన్ని ఏ పేరుతోనైనా చూపించనివ్వండి. మా రేవులో అది దాలమ్మ చుక్క. వెనకనుంచి తోస్తోంది అంటారు.

ఆ గుమ్మటంలో యంత్రం నడిపే మనిషి ఉంటాడు. చీకట్లో కూర్చుంటాడు, ఎవరికీ కనపడడు. దీపాలు ఆర్పి మీట నొక్కేముందు అతను మెల్లిగా అంటాడు, "నడవమ్మా నడు." చీకట్లోంచి అందరూ అందుకుంటారు, "నువ్వు నడిస్తే మేమిల్లు చేరతాం."

చేరాం కాబట్టే నేను చెబుతున్నాను, మీరు వింటున్నారు. ఆ నలభై మందిలో మా తాతల తాతకు తాత ఒకడు.

ఇక ఊ కొట్టడం ఆపండి.