గోరింట నేర్చుకోని కుట్టు

అనగనగా ఒక అడవి. వానలు ముందుగా వచ్చి ఆలస్యంగా వెళ్ళే అడవి అది. అక్కడ ఒక గుట్ట మీద, వెదురు గుడిసెలో, ఒక ముసలి ముళ్ళపంది ఉండేది. అందరూ ఆమెను సూదులవ్వ అని పిలిచేవాళ్ళు. ఆమె ముళ్ళే ఆమెకు సూదులు. ముల్లు ఒకటి రాలగానే దాన్ని రాతి మీద సన్నగా నూరి, వెనక చిన్న బెజ్జం పెట్టి, దారం ఎక్కించేది.

సూదులవ్వ బొంతలు కుట్టేది. శాలువాలు కుట్టేది. వాటి మీద పువ్వులు, తీగలు, పిట్టలు కుట్టేది. అన్నిటికన్నా గొప్పది ఆమె నెమలికన్ను కుట్టు. అయిదు రంగుల దారాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, గుడ్డ మీద నిజంగా నెమలి ఈక వాలినట్టే ఉండేది. ఆ కుట్టు అడవి మొత్తంలో ఆమెకొక్కదానికే వచ్చు.

ఆ అడవిలోనే గోరింట అని ఒక ముంగిస పిల్ల ఉండేది. ఒళ్ళు గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉంటుందని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. ఒకరోజు గోరింట వాగు దగ్గర కణుజు అనే పెద్ద దుప్పిని, ముసలిదాన్ని, చూసింది. దాని భుజం మీద పాత శాలువా ఉంది. శాలువా అంచున ఒక నెమలికన్ను ఉంది. గోరింట నీళ్ళు తాగడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి దానికి ఒకటే ధ్యాస. అన్నం దగ్గర అదే మాట, ఆట దగ్గర అదే మాట.

"అమ్మా, నేనూ అలా కుట్టాలి," అంది.

"అలా అయితే సూదులవ్వ దగ్గరికే వెళ్ళాలి," అని తల్లి దాన్ని గుట్ట మీదికి తీసుకెళ్ళింది.

సూదులవ్వ గోరింట వేళ్ళు పట్టుకుని చూసింది. "వేళ్ళు బాగున్నాయి. ఓపిక ఉందో లేదో వేళ్ళను చూస్తే తెలియదు," అంది. "మూడు వానాకాలాలు నా దగ్గర ఉండాలి. మొదటి ఏడు విప్పడం నేర్పుతాను. రెండో ఏడు కుట్టడం. మూడో ఏడు ముగించడం. నెమలికన్ను కూడా అప్పుడే. ఇష్టమైతే ఉండు."

"ఉంటానవ్వా," అంది గోరింట.

మొదటి ఏడంతా పాత బొంతల కుట్లు విప్పడమే పని. గుడ్డ చిరగకుండా, దారం తెగకుండా విప్పాలి. గోరింటకు చాలా విసుగ్గా ఉండేది. అయినా విప్పింది. విప్పగా విప్పగా ఏ కుట్టు ఎటు నుంచి ఎటు పోతుందో దానికే తెలిసిపోయింది.

రెండో ఏడు అవ్వ తన ముల్లొకటి తీసి సూది చేసి ఇచ్చింది. గోరింట కాడ కుట్టు నేర్చుకుంది, గొలుసు కుట్టు నేర్చుకుంది, ముడి కుట్టు నేర్చుకుంది. కుట్టింది తీసుకొస్తే అవ్వ పువ్వు వైపు చూసేదే కాదు. ముందు గుడ్డ తిరగేసి వెనక వైపు చూసేది. చూసి, చివరి దారం తనే లోపలికి తోసి ముగించేది. ఆ ముగింపు ఎలా వేసిందో కనిపించేది కాదు. వేలితో తడిమినా తగిలేది కాదు. ఎన్ని ఉతుకులు ఉతికినా జారేది కాదు.

"అదెలా అవ్వా?" అని అడిగేది గోరింట.

"వచ్చే ఏడు," అనేది అవ్వ.

గోరింటకు ఒకటే కోరికగా ఉండేది. తను కుట్టిన పువ్వు ఎవరో ఒకరు కప్పుకుని నడుస్తుంటే చూడాలి. వాళ్ళు ఆగి, "ఇది గోరింట కుట్టింది," అని చెప్తుంటే వినాలి. సాయంత్రాలు గుట్ట అంచున కూర్చుని కింద దారి వెంట పోయేవాళ్ళ భుజాల వైపే చూస్తుండేది.

రెండో వానాకాలం అయిపోయే రోజుల్లో దండయ్య అనే కొండముచ్చు గుడిసెకు వచ్చాడు. వాగు అవతల సంతలో అతనికొక కొట్టు ఉంది. అవ్వ దారాలకు రంగు వేయడానికి వెళ్ళింది. గోరింట ఒక్కతే కూర్చుని మోదుగ పువ్వు కుడుతోంది.

దండయ్య చూసి, "ఇంత బాగా కుడుతూ ఈ గుట్ట మీద ఎందుకమ్మాయ్?" అన్నాడు. "నా కొట్టుకు రా. వారం తిరిగేసరికి అడవిలో సగం మంది నీ పువ్వులు కప్పుకుంటారు."

"ఇంకా ఒక ఏడు ఉంది మావయ్యా. ముగించడం నేర్చుకోవాలి. నెమలికన్ను నేర్చుకోవాలి."

"ఒక ముడి కోసం ఏడాదా? తిరగేసి చూసేది ఎవరు? నెమలికన్ను ఎక్కడికి పోతుంది, అవ్వ ఎక్కడికి పోతుంది? తర్వాత వచ్చి నేర్చుకోవచ్చు."

గోరింట ఆ మాట రెండు రోజులు మనసులో తిప్పుకుంది. ఉండాలని ఉంది, వెళ్ళాలనీ ఉంది. చివరికి వెళ్ళాలనే కోరికే గెలిచింది. కానీ నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"అవ్వా, మా అమ్మకు ఒంట్లో బాగాలేదట. నేను వెళ్ళాలి," అంది.

సూదులవ్వ కాసేపు దాని ముఖంలోకి చూసింది. తర్వాత లేచి, ఒక ఆకులో శొంఠి, మిరియాలు పొట్లం కట్టి ఇచ్చింది. "కషాయం పెట్టి ఇవ్వు. ఆమె కుదుటపడ్డాక రా," అంది.

ఆ పొట్లం పట్టుకుని గుట్ట దిగుతుంటే గోరింటకు చెయ్యి బరువెక్కింది. సంత కనపడగానే ఆ బరువు మర్చిపోయింది.

దండయ్య చెప్పినట్టే జరిగింది. గోరింట పువ్వుల్ని చూసి అందరూ కొట్టు ముందు ఆగారు. పావురం గింజలు పోసుకునే సంచి కుట్టించుకుంది. తోడేళ్ళ ఇంట్లో పెళ్ళికూతురికి మేలిముసుగు కావాలన్నారు. ఒక జింక చలికాలంలో పుట్టబోయే బిడ్డకు బొంత కావాలంది. సంతలో నడుస్తుంటే "ఇది గోరింట కుట్టింది" అనే మాట నిజంగానే దాని చెవిన పడింది. ఆ కొన్నాళ్ళు గోరింట నేల మీద నడవలేదు.

కానీ చివరి దారం ఎలా ముగించాలో దానికి తెలియదు కదా పిల్లలూ. ఊరికే ఒక ముడి వేసి కత్తిరించి వదిలేసేది.

మొదట పావురం వచ్చింది. సంచి అడుగు కుట్టు జారి గింజలన్నీ దారి పొడుగునా రాలిపోయాయట. "మళ్ళీ కుట్టి ఇస్తానులే," అని గోరింట సర్దిచెప్పింది.

తర్వాత తోడేళ్ళు వచ్చాయి. పెళ్ళి జరుగుతుండగా మేలిముసుగు మీది పువ్వుల దారాలు ఒక్కొక్కటే ఊడి పెళ్ళికూతురి ఒళ్ళో పడ్డాయట. వచ్చినవాళ్ళందరూ నవ్వారట. గోరింట తల వంచుకుంది.

పుష్యమాసం చలిలో జింక వచ్చింది. అది కేకలు వేయలేదు. విడిపోయిన బొంత ముక్కలు గోరింట ముందు పెట్టింది.

"తెల్లవారి లేచి చూస్తే బిడ్డ మీద దారాలు మాత్రమే ఉన్నాయి. మూడు రోజుల నుంచి ఒకటే దగ్గు. పాలు తాగడం లేదు," అంది. వెళ్ళబోతూ, "పువ్వు మాత్రం బాగుందమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ మాట గోరింటకు ముల్లులా గుచ్చుకుంది.

"వాళ్ళు పోతే ఇంకొకళ్ళు వస్తారు. కొత్తవి కుట్టు," అన్నాడు దండయ్య.

గోరింట కొత్తవి ముట్టలేదు. జింక బొంతే ముందు పెట్టుకుని ముడి కోసం తంటాలు పడింది. పెద్ద ముడి వేస్తే ఒంటికి గుచ్చుకుంది. చిన్న ముడి వేస్తే జారింది. తుమ్మజిగురు రాస్తే గుడ్డ అట్టకట్టింది. అవ్వ చెయ్యి ఎలా తిరిగేదో గుర్తు తెచ్చుకుందామంటే, ఆ చేతివైపు తను ఎప్పుడూ సరిగ్గా చూడనే లేదు.

జింక పిల్ల కోలుకుంది. గోరింట మనసు మాత్రం కోలుకోలేదు. కొట్టు మానేసి ఇంటికి వచ్చేసింది.

అప్పటి నుంచి దానికి గుట్ట మీదే బెంగ. గుడిసె వాసన గుర్తొచ్చేది. వాన పడుతుంటే అవ్వ గొణిగే పాట గుర్తొచ్చేది. వెళ్ళాలని ఒకసారి బయల్దేరి వాగు దాకా వెళ్ళింది. "ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను," అని వెనక్కి వచ్చేసింది. ఇంకోసారి గుట్ట మొదట్లోకి వెళ్ళింది. పైన గుడిసెలోంచి పొగ కనిపించింది. ఆ పొగ ఆగేదాకా చూసి, మళ్ళీ వెనక్కి వచ్చేసింది. అలా ఒక వానాకాలం గడిచింది. ఇంకొకటీ గడిచింది.

ఒకరోజు తల్లి దాని పక్కన కూర్చుంది.

"గోరింటా, నాకు జబ్బని చెప్పి వచ్చావా అవ్వతో?"

గోరింట ఉలిక్కిపడింది. "నీకెవరు చెప్పారు?"

"ప్రతి ఏడూ వానలు మొదలవగానే అవ్వ పావురంతో అడిగించేది, నా ఆరోగ్యం ఎలా ఉందని. ముసలావిడ కదా, ఊరికే అడిగిందనుకున్నాను. నిన్న పావురం అసలు సంగతి చెప్పింది."

"నిన్న నువ్వేం చెప్పావమ్మా?"

"బాగున్నానంటే నువ్వు అబద్ధం ఆడినట్టు. బాగాలేదంటే నేను ఆడినట్టు. నా కూతురే వచ్చి చెప్తుందని చెప్పాను."

గోరింట లేచింది. జింక బొంత చంకన పెట్టుకుని అప్పుడే బయల్దేరింది. వాగు దాటింది. గుట్ట ఎక్కింది. ఈసారి ఆగలేదు.

సూదులవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. కళ్ళు తెల్లగా, పాలు పోసినట్టు ఉన్నాయి. గోరింట ఎదురుగా నిలబడినా చూపు అటు తిరగలేదు. అవ్వకు కళ్ళు పోయాయి.

గోరింట దగ్గరికి వెళ్ళింది. బొంతను మెల్లగా అవ్వ ఒళ్ళో పెట్టింది. అవ్వ దాన్ని తిరగేసి, వెనక వైపు వేళ్ళతో తడిమింది.

"గొలుసు కుట్టు సమంగా ఉంది," అంది. "చివర మాత్రం బిడ్డను నడిరోడ్డు మీద వదిలేసినట్టు వదిలేశావు. గోరింటా, అమ్మకెలా ఉంది?"

గోరింట అక్కడే కూలబడింది. "అమ్మకు జబ్బు లేదవ్వా. ఎప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు. జబ్బుపడ్డ తల్లి దగ్గరికి పోయే పిల్ల అంత గబగబా గుట్ట దిగదు."

"తెలిసి కూడా ఎందుకు అడిగించావవ్వా, ప్రతి ఏడూ?"

సూదులవ్వ బొంత అంచు సవరించింది.

"నువ్వెప్పుడు వస్తావని అడగడానికి మనసొప్పలేదు. ఏదో ఒకటి అడగాలి కదా," అంది.

గోరింట అవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అవ్వ ఏడవనిచ్చింది. తర్వాత, "సూది తే," అంది.

ఆ వానాకాలం అవ్వ తన చేతిని గోరింట చేతి మీద పెట్టి ముగించడం నేర్పింది. కళ్ళతో పని లేదు దానికి. దారం చివరను మూడుసార్లు వెనక్కి పంపాలి. మూడోసారి అది వచ్చిన దారిలోనే దాక్కోవాలి. నెల తిరిగేసరికి గోరింటకు వచ్చేసింది. జింక బొంత మళ్ళీ కుట్టి పట్టుకెళ్ళింది. జింక పిల్ల అప్పటికి ఎదిగిపోయింది, బొంతలో పట్టలేదు. "ఫర్వాలేదు, చెల్లెలు పుట్టింది," అని జింక నవ్వి, దాన్ని చిన్నదానికి కప్పింది.

కానీ నెమలికన్ను రాలేదు.

అవ్వ ప్రయత్నించింది. గోరింట నెమలి ఈక తెచ్చి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో చెప్పింది. అవ్వ అయిదు దారాలు ఎక్కించమంది. మొదటిసారి దారాలు చిక్కుపడ్డాయి. రెండోసారి రంగులు కలిసిపోయాయి. మూడోసారి అవ్వ చెయ్యి సగంలో ఆగిపోయింది.

"ఇది నా కళ్ళకు తెలిసిన కుట్టు, తల్లీ. చేతికి తెలియదు," అంది. సూది పక్కన పెట్టింది. పోయిన ఏడు వరకు కొంచెం కనిపించేదని అప్పుడు చెప్పింది. గోరింట చిక్కుపడ్డ దారాలు ఒక్కొక్కటే విప్పింది.

తర్వాత గోరింట, శాలువా మీది నెమలికన్ను చూసి నేర్చుకుందామని, వాగు దగ్గర చూసిన ముసలి కణుజు కోసం అడవంతా వెతికింది. అది పోయి చాలా కాలమైంది. శాలువా కూడా దానితోనే పోయింది. ఇంకో నెమలికన్ను ఎక్కడా దొరకలేదు.

ఇంకొన్ని వానాకాలాలు అవ్వ బతికింది. గోరింట ఆమెను వదిలి వెళ్ళలేదు. వండి పెట్టింది, వానల్లో గుడిసె కప్పు సరిచేసింది, కుట్టిన ప్రతిదీ అవ్వ వేళ్ళకు అందించింది. ఒక ఎండాకాలం ఉదయం అవ్వ కన్నుమూసింది.

తర్వాత ఆ గుడిసెకు చాలామంది పిల్లలు వచ్చారు. ఉడుతలు, కుందేళ్ళు, ఒక అలుగు పిల్ల కూడా వచ్చింది. గోరింట తనకు వచ్చినదంతా వాళ్ళకు నేర్పింది. ఏదీ దాచుకోలేదు. గోరింట శిష్యుల బొంతలు ఎక్కడా విడిపోలేదని అడవిలో మంచి పేరు వచ్చింది.

ఒకరోజు అలుగు పిల్ల సూది కిందపెట్టి అడిగింది.

"గోరింటక్కా, సూదులవ్వకు నెమలికన్ను కుట్టు వచ్చట కదా. అది మాకెప్పుడు నేర్పుతావు?"

గోరింట గుమ్మంలోంచి బయటికి చూసింది. వాన మొదలవుతోంది.

"అది నాకు రాదమ్మా," అంది. "అవ్వ అది నేర్పాల్సిన ఏడు నేను ఇక్కడ లేను."

నీతి: నేర్పే చెయ్యి ఉన్నప్పుడే నేర్చుకోవడం పూర్తి చేయాలి. తప్పు చేస్తే సిగ్గుపడి ఆగిపోకుండా వెంటనే తిరిగి వెళ్ళాలి. గురువు మనకోసం ఎదురుచూస్తారు, కాలం మాత్రం ఎదురుచూడదు.