గుమ్మడికాయ పులుసు

మల్లేరు అనే ఒకానొక రాజ్యాన్ని గజపాలుడనే రాజు ఏలేవాడు. ఏలితే ఏలాడు, ఉన్నట్టుండి వంట మొదలుపెట్టాడు. అదీ వచ్చిన తంటా.

ఓ పండుగనాడు కొలువులో వాళ్లందరినీ భోజనానికి పిలిచి, తానే గుమ్మడికాయ పులుసు కాచి, తానే గరిట పట్టుకుని వడ్డించాడు. అతిథులు లేచేదాకా వండినవాడు మెతుకు ముట్టకూడదని ఆయన పట్టింపు. పోపులో మెంతులు బొగ్గులైన సంగతి పాపం ఆయనకేం తెలుసు?

మంత్రి అనంతామాత్యుడు మొదటి ముద్ద ఎలాగో మింగి, అమృతమన్నాడు. ఇక వరసలో యాభైమందికీ అమృతమే. రాజుగారి మీసం లేచింది. చివరి ఆకు దగ్గర చిట్టెన్న కూర్చున్నాడు, కొలువులో నాలుగు హాస్యాలు చెప్పుకుని బతికేవాడు. నీ మాటేమిటని అతణ్ణీ అడిగాడు.

"చేదుగా ఉంది ప్రభూ. మెంతులు మాడాయి."

రాజుకి ఒళ్లు మండింది. యాభై నాలుకలకి లేని చేదు నీ ఒక్కడికేనా అని గద్దించాడు. భోజనాలు ముగిసేలోగా ఆ మాట వెనక్కి తీసుకోకపోతే పెళ్లాం బిడ్డలతో సహా పొలిమేర దాటిస్తానన్నాడు. బాగుందని అనెయ్యవయ్యా, నీ సొమ్మేం పోయిందని పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. చిట్టెన్నకి భయం వెయ్యకపోలేదు. ఇంట్లో నెలల పిల్ల ఉంది. అయినా చేదుని తీపనడం అతనికి చేతకాలేదు.

"వెళ్లమంటే వెళ్లిపోతాను ప్రభూ, చేదు మాత్రం చేదే. అంత బాగుంటే ఒక్కరైనా మారు అడగలేదేం? ఓసారి మీరే మారు వడ్డించి చూడండి."

రాజు గరిట నింపుకుని బయల్దేరాడు. మంత్రి ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు, వైద్యుడు పులుపు వద్దన్నాడట. సేనాపతికి కడుపులో చోటు లేదట. ఆస్థాన పండితుడైతే ఏకంగా ఆకు మడిచేశాడు. వరసంతా తిరిగినా గరిటలో చుక్క తగ్గలేదు.

రాజు పట్టింపు పక్కన పెట్టి, అరచేతిలో కాస్త వేసుకుని నాకాడు. మొహం వంకర్లు పోయింది. చెంబుడు నీళ్లు తాగితేగాని మాట రాలేదు.

"ఇంతమంది అబద్ధమాడారు. వీళ్లకేం శిక్ష వెయ్యమంటావు చిట్టెన్నా?"

"శిక్షెందుకు ప్రభూ? గంగాళంలో ఇంకా సగం ఉంది. అమృతాన్ని పారబొయ్యలేం కదా."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి చిట్టెన్న మెడలో వేసి, గరిట అతని చేతికిచ్చి, తానూ ఓ ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ముందు నాకు వడ్డించు. కాచింది నేను."

రాజే తింటుంటే ఇక కాదనేదెవరు? ఆ పూట యాభైమందీ మారు తిన్నారు.