గుడ్డివాగులో ఈదిన నక్క

పులిరాజు కొలువులో కొండకావలి ఉద్యోగం ఖాళీ అయింది. కొండమీద పుట్టినవాళ్ళకే ఇస్తామని అడవంతా చాటింపు వేశారు.

"ఇదేం న్యాయం? మాలాగా పరిగెత్తగలరా వాళ్ళు?" అని మైదానపు కుందేళ్ళు సణిగాయి.

"ఆ కొండ వాళ్ళదే. మనమొచ్చి పక్కకు నెట్టాం. ఇన్నేళ్ళలో కొలువులోకి ఒక్కరినైనా రానిచ్చామా?" అంది పరీక్ష పెట్టే ఏనుగు.

కొండమీద పుట్టిన బుద్రి అనే అలుగు, ఒంటినిండా పొలుసులున్న జంతువు, ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. బిడ్డను తోకమీద ఎక్కించుకుని కొలువుకు వెళ్తుంటే, దారి మలుపులో నక్క అడ్డం వచ్చింది.

"నేనూ వస్తున్నా బుద్రీ. నాదీ కొండేనని కాకి గుమస్తా చేత పత్రం రాయించుకున్నా."

"నువ్వు కింద చెరుకుతోటల్లో పుట్టావు కదయ్యా!"

"మెల్లగా! ఆ మాట అక్కడ అన్నావంటే నీ బొరియ ఎక్కడుందో చిరుతకు చూపిస్తా. బిడ్డ ముద్దుగా ఉంది, బొద్దుగా కూడా ఉంది."

భయంతో బుద్రి పొలుసులు గలగలమన్నాయి.

కొలువులో ఏనుగు పత్రం చూసి, "బుద్రీ, ఈ నక్క మీ కొండదేనా?" అని అడిగింది.

బుద్రి బిడ్డను పొట్టకింద దాచుకుని బంతిలా ముడుచుకుపోయింది. వెనకనుంచి నక్క చిన్నగా దగ్గింది. లోపల చీకట్లో బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది. ఇవాళ నేను లొంగితే రేపు దీన్నీ ఇలాగే బెదిరిస్తారు, అనుకుంది బుద్రి. మెల్లగా తల బయటపెట్టింది.

"మావాడేనేమో దొరా. గుడ్డివాగు దగ్గర చూసినట్టు గుర్తు. ఏం నక్కయ్యా, అక్కడే కదా నువ్వు పుట్టింది?"

నక్క మొహం వెలిగిపోయింది. "అక్కడే! ఆ వాగులో ఈత కొడుతూ పెరిగాను దొరా. వరదలో కూడా దాటేవాణ్ణి!"

"దొరా..." బుద్రి ఏనుగు వైపు తిరిగింది. "మా కొండమీద గుడ్డివాగే లేదు. ఇప్పుడే నోటికొచ్చిన పేరు చెప్పాను. నిజం చెబితే నా బిడ్డను చిరుతకు పట్టిస్తానని బెదిరించాడు."

నక్క పారిపోబోయింది. ఏనుగు తొండంతో దాని మెడ చుట్టి పైకెత్తింది. పత్రాన్ని కాలికింద నలిపేసి, రాసిన కాకిని పిలిపించమంది. ఆ పూటే నక్కను అడవి పొలిమేర దాటించి తరిమేశారు.

ఉద్యోగం దక్కి, మర్నాడు బుద్రి కొండకొమ్మున కావలికి నిలబడింది. గడ్డి కదిలినా ఉలిక్కిపడుతోంది. అయినా కిందికి దిగలేదు.

నీతి: హక్కున్నవాళ్ళు భయపడి ఊరుకుంటే, వాళ్ళ చోటు అబద్ధాలకోరుల పాలవుతుంది.